మార్పుకు కారణం

సోహార్ రేవు వెనక మా పోర్టాక్యాబిన్‌లో
ఇన్నాళ్ళూ ఎవడి కంప్యూటరు వాడి కొట్టం.
తెర నిండా ఫైళ్ళు ఈగల్లా ముసిరేవి:
ఫైనల్, ఫైనల్ రెండు, అసలు ఫైనల్,
హైతమ్ సార్ చూసింది, హైతమ్ సార్ చూడనిది.
ఒకే పైపుకి నాలుగు కొలతలు.
నాలుగూ నిజమే,
అడిగినవాణ్ణి బట్టి.

భోషాణం రెండేళ్ళుగా ఉంది, సర్వర్‌లో.
దాని మూత తెరవడానికే అందరికీ బద్ధకం.
మొన్న మస్కట్ నుంచి ఒక కుర్రాడొచ్చి
మూడు వారాలు కూచుని
అన్నిటినీ దానికి కట్టేశాడు.
ఇప్పుడు వర్డ్‌లో ఉత్తరం రాసి సేవ్ నొక్కితే
అది డి డ్రైవ్‌కి పోదు.
పాతకాలపు గుమాస్తాలా ఒక కిటికీ లేచి నిలబడుతుంది.
ఏ ప్రాజెక్టు? ఎవరి తాలూకు? ఎన్నో సవరణ?
ఎర్ర చుక్క ఉన్న గడి నింపందే
కదలనివ్వదు.

ఎక్సెల్ లొంగింది.
మెయిలు రెండ్రోజులు మారాం చేసి లొంగింది.
డ్రాయింగు మాత్రం మొండికేసింది.
నక్షాలో ఇంకో నక్షా, దాని అడుగున పునాది నక్షా,
దారి మారేసరికి ఒకదాన్నొకటి గుర్తుపట్టలేదు.
తెరిస్తే పైపులన్నీ గాల్లో ఉన్నాయి, కింద నేల లేదు.
డ్రాఫ్టింగ్ చేసే రొవేనా నవ్వింది:
జూలై మధ్యాహ్నం ఎండమావిలో
మన ప్లాంటు అచ్చం ఇలాగే ఉంటుంది కదా అని.

ఫైలు ఎవరైనా తీసుకుంటే పక్కన తాళం బొమ్మ పడుతుంది, పేరుతో సహా.
తిరిగి పెట్టేదాకా ఇంకెవరూ చెయ్యి పెట్టకూడదు.
గురువారం సాయంత్రం తాళాలు లెక్కపెడుతుంటే
పాతది ఒకటి తగిలింది.
వెల్డర్ల ఓవర్‌టైమ్ పట్టీ.
తీసుకున్నది: బి. రాజలింగం, టైమ్‌కీపర్.
పద్నాలుగు నెలల కిందట.
ఫైనల్ ఎగ్జిట్ మీద కోరుట్ల వెళ్ళిపోయాడు.
ఎవరూ పాటించని రోజుల్లో
రూలు పాటించింది అతనొక్కడే.

నాకు అడ్మిన్ హక్కుంది.
ఒక్క నొక్కుతో తాళం ఊడుతుంది.
ఆయన చేసిన మార్పులు పోతాయి, పర్వాలేదా?
అడిగింది యంత్రం.
వేలు అక్కడే ఆగింది.

ఫోను చేస్తే అటువైపు పిండిగిర్ని హోరు.
"పెట్టుడు మర్సిపోలే సార్.
ఆ దినం నెట్టు లేకుండె.
తెల్లారి టికెట్ చేతుల వెట్టిండ్రు.
ఆ డబ్బా స్టోర్ల పడేసిండ్రేమో, జర చూడుండ్రి."

శుక్రవారం. గర్బీ గాలి.
స్టోర్ కంటెయినర్ గడియ పట్టుకుంటే అరచెయ్యి చుర్రుమంది.
పగిలిన హెల్మెట్ల కింద దొరికింది డబ్బా,
ఫ్యాను రెక్కల సందున బల్లి గుడ్లు.
కరెంటిస్తే గురకపెట్టి లేచింది.
తెర మీద ఒక్కటే ఫైలు.
పేరులో ఫైనల్ అని లేదు, తేదీ ఉందంతే.
పదకొండు మంది వెల్డర్లు, షట్‌డౌన్ నెల రాత్రులు,
కూడితే ఆరువందల నలభై రెండు గంటలు.
భోషాణంలోని ఏడో ప్రతిలో ఆ గడులు ఖాళీ.
ఖాళీ గడుల మీదే సంతకాలై, జీతాలై,
ఆడిట్ కూడా అయిపోయింది.

ఆఫీసుకి మోసుకొచ్చి తీగ కలిపాను.
ఎక్సెల్లో కొత్త బొత్తం నొక్కాను.
రచయిత: బి. రాజలింగం. అదే నింపుకుంది.
సవరణ: ఎనిమిది.
మార్పుకు కారణం. ఎర్ర చుక్క.
'నెట్టు లేదు' అని రాశాను. చెరిపేశాను.
'ఆలస్యం' అని రాశాను. అదీ చెరిపేశాను.
కర్సరు మిటకరిస్తూనే ఉంది.
చివరికి
'పని జరిగింది' అని రాసి నొక్కాను.

ఆదివారం పొద్దున హైతమ్ సార్
కరక్ చాయ్ స్వయంగా తెచ్చి నా ముందు పెట్టాడు.
ఎనిమిదోది తీసెయ్యలేవా, అన్నాడు మెల్లిగా.
తీయడం కుదరదు సార్,
అలా కుదరకూడదనే కదా మీరు కట్టించింది.
ఆయన కుర్చీ లాక్కున్నాడు.
ఏడూ ఎనిమిదీ పక్కపక్కన తెరవమన్నాడు.
ఒక్కో పేరూ పెదవుల్తో చదువుతూ
చాలాసేపు కిందికి పోయాడు.

చాయ్ మీద మీగడ కట్టింది.